అడగని ప్రశ్న

2023 జూన్‌లో ఒక మధ్యాహ్నం మా ఊరి బడి ప్రధానోపాధ్యాయులు తపాలా కార్యాలయం గుమ్మంలో నిలబడి, "పోస్టుమాస్టరుగారూ, మీ అమ్మాయికి నవోదయలో సీటు వచ్చింది" అన్నారు. ఆ సమయాన నేనొక వృద్ధురాలి పొదుపు పాసుపుస్తకంలో అంకెలు వేస్తున్నాను. మూడు వందలకు బదులు ముప్ఫై వేశాను. "నా డబ్బు తినేస్తావా ఏంది నాయనా?" అని ఆమె నవ్వేదాకా ఆ పొరపాటు నాకు తెలియలేదు.

మాది పల్నాడులో మిరప, పత్తి పండించే చిన్న గ్రామం. బడి అయిదవ తరగతితో ఆగిపోతుంది. ఉన్నత పాఠశాల నాలుగు కిలోమీటర్ల దూరం. బ్రాంచి పోస్టుమాస్టరుగా నాకు వచ్చేదీ, రెండెకరాల చేనిమీద మిగిలేదీ కలిసి ఇల్లు గడుపుతాయే కాని, పట్నంలో పిల్లను చదివించే శక్తినివ్వవు. అటువంటి కుటుంబానికి నవోదయ విద్యాలయమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అక్కడ నూటికి కనీసం డెబ్బై అయిదు సీట్లు పల్లెటూరి పిల్లలవి. మూడింట ఒక వంతు ఆడపిల్లలవి. ఆడపిల్లకు ఆరవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు భోజనం, వసతి, పుస్తకాలు, దుస్తులు అన్నీ ఉచితం. ఆరవ తరగతి ప్రవేశ పరీక్ష ఒకసారి రాసినవారిని రెండవసారి రాయనివ్వరు. వచ్చిన సీటు వదులుకుంటే వదులుకున్నట్టే.

వసతి చదువు తెలుగువారికి కొత్త కాదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రభుత్వ గురుకుల పాఠశాల వెలిసింది. దానికి ప్రోద్బలమిచ్చిన పి.వి. నరసింహారావుగారే తరువాత కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రిగా నవోదయలకు రూపమిచ్చారు. హర్యానాలోని ఝజ్జర్‌లోను, మహారాష్ట్రలోని అమరావతిలోను 1985-86లో మొదటి రెండు విద్యాలయాలు ఆరంభమయ్యాయి. పల్లెటూరి పిల్లల తెలివి పల్లెలోనే అణగారిపోకూడదన్నది ఆ ఆలోచన. ఆలోచన గొప్పదే. కాని దానికి మూల్యంగా పదకొండేళ్ల పిల్ల తల్లి పక్కను విడిచి వెళ్లాలి. ఫీజును ప్రభుత్వం మాఫీ చేయగలదు. ఈ మూల్యాన్ని ఎవరూ మాఫీ చేయలేరు.

ఆ సాయంత్రమే ఇంట్లో వాదం మొదలయింది. మా అమ్మ అసలే ఒప్పుకోలేదు. "ఆడపిల్లను అంత దూరం పంపించి నీకు ముద్ద దిగుతుందట్రా?" అన్నది. తొమ్మిదవ తరగతిలో కొందరు పిల్లలను ఏడాదిపాటు హిందీ మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపుతారని ఎవరో చెప్పగా విని, "ఇంక ఈ దేశంలో ఎక్కడికైనా పంపుతావన్నమాట" అని కొంగుతో కళ్లు తుడుచుకున్నది. నా భార్య ఎటూ చెప్పలేదు. నేనే గట్టిగా మాట్లాడాను. అవకాశం తలుపు తట్టడం ఒక్కసారే జరుగుతుందనీ, మమకారం పిల్లల కాళ్లకు బంధం కాకూడదనీ పెద్ద పెద్ద మాటలు చెప్పాను. అమ్మాయి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అన్నీ వింటున్నది. దాని అభిప్రాయం మాలో ఎవరమూ అడగలేదు.

రాత్రి నా భార్య, "మీరు దాన్ని పంపుతున్నారా, లేక మిమ్మల్ని మీరు మళ్లీ పంపుకుంటున్నారా?" అన్నది. నాకు కోపం వచ్చింది. నిజం వినవలసి వచ్చినప్పుడు వచ్చే కోపమది.

నేనూ ఒకనాడు వసతి పాఠశాలకు వెళ్లినవాణ్ణే. 1992లో, ఇదే వయసులో, పరీక్ష నెగ్గి సీటు తెచ్చుకున్నాను. ఊరంతా మెచ్చుకున్నది. మా నాయన కొత్త ట్రంకుపెట్టె కొని, దానిమీద నా పేరు రాయించాడు. అక్కడ నన్ను కష్టపెట్టినవారెవరూ లేరు. పగలంతా పాఠాలతో, ఆటలతో గడిచేది. దీపాలు పెట్టే వేళకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడేది. ఆ వేళకు మా గేదెలు ఇంటికి వచ్చే చప్పుడు చెవుల్లో వినిపించేది. పదకొండవ రాత్రి గోడ దూకి, బస్సుల ఆవరణలో ఒక మూల పడుకుని, తెల్లవారి మొదటి బస్సులో ఇంటికి చేరాను. కొట్టం దగ్గర గడ్డి వేస్తున్న నాయన నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, "కాళ్లు కడుక్కుని అన్నం తిను" అన్నాడు. అంతే. వారం తిరక్కుండా పక్క ఊరి ఉన్నత పాఠశాలలో చేర్పించాడు. ఎందుకు వచ్చావని ఆనాడూ అడగలేదు, 2009లో కన్నుమూసేదాకా ఏనాడూ అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. నేను ఆయన పరువు తీశాననీ, అందుకే ఆ మాట ఎత్తడానికి కూడా ఇష్టపడలేదనీ ముప్ఫై ఏళ్లు నమ్మాను. నా కూతురు ఆ పెట్టె మోసుకుని వెళ్లి, తిరిగి రాకుండా ఉంటే ఆ బాకీ తీరుతుందని నాలో ఎక్కడో ఆశ ఉన్నది కాబోలు.

మర్నాడు చేనిలో ఈ మాట మా అమ్మతో అన్నాను. ఆమె కలుపు తీయడం ఆపి చాలాసేపు నా ముఖంలోకి చూసింది.

"నువ్వు పోయిన ఆరోనాడో ఏడోనాడో మీ నాయన అక్కడికి వచ్చాడురా" అన్నది. "కనిపిస్తే బెంగ పెట్టుకుంటావని మాస్టర్లు చెప్పారంట. గేటు అవతల చింతచెట్టు కింద నిలబడి, నువ్వు కంచం పట్టుకుని వరసలో పోతుంటే చూసి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. నువ్వు తిరిగొచ్చినాక, 'ఆ పూట పలకరించి ఉంటే వాడు నిలిచేవాడేమో' అని నాతో ఎన్నిసార్లు అన్నాడో. తప్పు తనదే అనుకున్నాడు. ఇంక నిన్నేం అడుగుతాడు?"

ఒకే ఇంట్లో ఇద్దరు మగవాళ్లం, ఒక ప్రశ్నకు భయపడి, తప్పు తనదంటే తనదనుకుంటూ పదిహేడేళ్లు బతికాము.

ఆ సాయంత్రం అమ్మాయిని పిలిచి, వెళ్లడం ఇష్టమేనా అని అడిగాను. అది వెంటనే జవాబు చెప్పలేదు. "అక్కడ ఏడుపొస్తే తీసుకొచ్చేస్తారా నాన్నా?" అన్నది. ఏడవకూడదు తల్లీ అనబోయి ఆగాను. నా భార్యా నేనూ ముందే మాట్లాడుకున్నాము. "దసరా సెలవుల దాకా ఉండి చూడు. అప్పుడు నేనే అడుగుతాను. వద్దంటే ఇక్కడే చదువుకుందువుగాని. నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు" అన్నాను. ఆ మాట ఇవ్వడం తేలిక కాదు. తలుపు తెరిచి ఉంచితే వచ్చేస్తుందేమోనన్న భయం ఒకవైపు, మూసి పంపితే నాలాగే గోడ దూకవలసి వస్తుందన్న భయం మరొకవైపు. ఇచ్చిన మాట మనసులో కూడా నిజమై ఉండాలి. పిల్లలు గొంతులోని అబద్ధాన్ని ఇట్టే పసిగడతారు.

ప్రయాణానికి ఇంకా మూడు వారాలున్నది. ఆ మూడు వారాలూ మేము నేర్పినదానికంటె చేయడం మానుకున్నదే ఎక్కువ. వాళ్లమ్మ జడ వేయడం మానివేసింది. మొదటి వారం పాపిడి వంకరగా పోయేది, రెండవ వారానికి రెండు జడలూ సమానంగా కుదిరాయి. తన బట్టలు తానే ఉతుక్కున్నది. వేరే గదిలో ఒక్కతే పడుకోవడం అలవాటు చేసుకున్నది. పెద్దమనిషి కావడాన్ని గురించి తల్లీకూతుళ్లు తలుపు వేసుకుని మాట్లాడుకున్నారు. నేను ఒక్కటే చెప్పాను: "ఎవరైనా సరే, 'ఇది ఇంట్లో చెప్పకు' అన్నారంటే, ముందుగా మాకు చెప్పవలసినది అదే." సంజె వేళ దిగులు వస్తుందని కూడా చెప్పాను. అది రోగం కాదనీ, నాకూ వచ్చిందనీ, అన్నం వేళకు కొంత తగ్గుతుందనీ చెప్పాను. గోడ దూకిన కథంతా చెప్పాను. అది నోరు తెరుచుకుని విని, "గోడ ఎంత ఎత్తు నాన్నా?" అని అడిగింది.

విద్యాలయంలో పిల్లల దగ్గర సెల్‌ఫోను ఉండనివ్వరు. అందుకని మా చిరునామా రాసిన పోస్టుకార్డులు పది ఇచ్చాను. కార్డు యాభై పైసలు. అది ఒకటి తిప్పి చూసి, "దీంట్లో రాస్తే దారిలో అందరూ చదువుతారు కదా?" అన్నది. ఇరవై ఏళ్లుగా తపాలా పని చేస్తున్న నాకు తోచని సంగతి అది. రెండున్నర రూపాయల ఇన్‌లాండు కవర్లు కూడా పది తెచ్చి పెట్టెలో వేశాను.

చేర్చిన రోజున దానిని శివాలిక్ అనే హౌసులో వేశారు. అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి: నాలుగూ కొండల పేర్లే. గేటు దగ్గర అది ఏడవలేదు. బస్సులో మా ఆవిడ ఏడ్చింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మొదటి వారం సంచిలో కార్డు వచ్చింది: "నేను క్షేమం. ఇడ్లీ బాగుంది." రెండవ వారం ఇన్‌లాండు వచ్చింది. దానిమీద నా చేతులతోనే తేదీ ముద్ర వేసి, లోపలి గదిలోకి వెళ్లి విప్పాను. అందులో ఏమున్నదో ఇక్కడ రాయను. అది మూసి పంపిన ఉత్తరం. తల్లిదండ్రులను చూడనిచ్చే ఆదివారం మాత్రం మేమిద్దరమూ తెల్లవారుజాము బస్సుకే బయలుదేరాము. చెట్టు కింద నిలబడి తిరిగి రాలేదు. లోపలికి వెళ్లి, పలకరించి, పక్కన కూర్చుని గారెలు తినిపించాము. మేము లేచేటప్పుడు అది ఏడ్చింది. ఏడిస్తే ఏడవనిచ్చాము.

దసరాకు వచ్చింది. కొంచెం పొడుగైంది, కొంచెం నల్లబడింది. మూడు రోజులు ఆగి, నాలుగవ నాడు చేనిగట్టుమీద అడిగాను. నా గుండె చప్పుడు నాకే వినిపించింది. అది మిరపమొక్క ఆకు వెనకవైపు పురుగు ఉన్నదేమోనని చూస్తూ, "ఇంకా అనుకోలేదు నాన్నా. సంక్రాంతికి చెబుతా" అన్నది.

ఇది రాస్తున్న నాటికి అది ఎనిమిదవ తరగతి చదువుతున్నది. వచ్చే ఏడు ఉత్తరాదికి వెళ్లే పిల్లలలో తన పేరు కూడా ఉండాలని కోరుకుంటున్నది. మా అమ్మ ఇప్పటికీ కొంగు కళ్లకు అద్దుకుంటుంది, కాని సున్నుండలకు మినుములు తానే వేయిస్తుంది. ప్రతి సెలవులకూ నేను ఆ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. "మళ్లీ మొదలుపెట్టారా?" అని అది నవ్వుతుంది.

అయినా అడుగుతాను.