మిస్సీ నలుపు, జెల్ తెలుపు

మా మర్రిగూడ వైపు రిష్తా చూడ్డానికి వచ్చేవాళ్ళు అమ్మాయిని ముందు నవ్విస్తారు. ఏం చదివావు బేటా అంటారు, ఏదో మజాక్ చేస్తారు. ఆ మజాక్ మతలబ్ ఇంటిల్లిపాదికీ ఎరుకే. పళ్ళు చూడాలి. నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన పిల్ల నవ్వితే గోధుమరంగు గార కనిపిస్తుంది. అబ్బాయిని మాత్రం ఎవరూ నవ్వించి చూడరు, గుట్కా నమిలేవాడైనా సరే.

మా ఛోటీ బహెన్ కూతురు నర్సింగ్ చదివింది. నవ్వొస్తే దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంటుంది. నికాహ్ తారీఖు ఖరారయ్యాక చుప్‌చాప్‌గా ఆన్‌లైన్‌లో వైటెనింగ్ కిట్ తెప్పించుకుంది. రోజుకు అరగంట అని దాని మీద రాసుంటే రాత్రంతా పెట్టుకుని పడుకుంది. పొద్దున నిమ్మరసం, బొగ్గుపొడితో తోముడు. వారం తిరక్కముందే ఫోన్: "మామూ, చాయ్ సంగతి సరే, నోరు తెరిస్తే గాలికే జివ్వుమంటున్నాయి."

పేపర్లో పనిచేస్తాను కాబట్టి ఖాందాన్‌లో ఏ మర్జ్ వచ్చినా ఫోన్ నాకే. డెంటల్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను.

జెల్‌లో ఉండేది పెరాక్సైడ్. 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ అని ఉంటే, అందులోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 3.5 శాతం. అది ఎనామిల్‌లోంచి ఇంకి, లోపలి సన్నటి నాళాల గుండా నరం దాకా పోతుంది. జివ్వుమనేది అందుకే. ఆపేస్తే చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గుతుంది. నిమ్మరసం కథ వేరు. ఆ పులుపు ఎనామిల్‌నే తినేస్తుంది, మెత్తబడినదాన్ని బొగ్గు గీకేస్తుంది. పోయిన ఎనామిల్ మళ్ళీ మొలవదు. యూరప్‌లో 0.1 శాతం దాటిన పెరాక్సైడ్‌ను మామూలు దుకాణంలో అమ్మనివ్వరు, 6 శాతం దాకా డెంటిస్ట్ చేతి మీదుగానే. మన దగ్గర ఫోన్‌లో వేలు నొక్కితే గుమ్మంలోకొస్తుంది.

అసల్ బాత్ ఇంకోటి. చాయ్, పాన్ మరకలు పన్ను పైన ఉంటాయి. ఫ్లోరైడ్ గార పన్ను తయారయ్యేటప్పుడే లోపల కలిసిపోయినది. జెల్‌తో గోధుమరంగు కొంత తేలికపడొచ్చు. తెల్ల మచ్చలు మాత్రం మొదట్లో ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

నానీల జమానాలో దుల్హన్ సింగార్‌లో మిస్సీ ఉండేది. పళ్ళకూ చిగుళ్ళకూ రాసి కావాలని నల్లబరిచేవాళ్ళు. షాయర్లు ఆ నలుపును తెగ పొగిడారు. ఆ లెక్కన మా పిల్ల వందేళ్ళు ఆలస్యంగా పుట్టింది.

డాక్టర్ కిట్ బంద్ చేయించాడు. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు, మెత్తటి బ్రష్, పులుపు పర్హేజ్. పళ్ళు కుదుటపడ్డాకే మిగతా మాట అన్నాడు.

బయటికొస్తూ దాని తమ్ముడి గురించి అడిగాను. ఆరేళ్ళవాడు, పాలపళ్ళు ఊడుతున్నాయి. ఎనిమిదేళ్ళ దాకా ముందు పళ్ళ పక్కవి, వెనకవి లోపల తయారవుతూనే ఉంటాయి. భగీరథ నల్లా రానిరోజు బోరు నీళ్ళేనట.

"కాచి పోస్తున్నాం కదా భాయ్‌జాన్" అంది మా బహెన్.

కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. రెండు పెద్ద మూత డ్రమ్ములు కొని పంపాను. నల్లా వచ్చినరోజు పట్టి పెట్టుకోవాలి. వాడి అన్నం కూడా ఆ నీళ్ళతోనే వండాలి.