నూట అరవై అడుగుల గది నుండి నలభై అంతస్తుల మేడకు

ముంబయి నగరంలో, వర్లీ సముద్ర తీరానికి కొద్ది దూరాన, జాంబోరీ మైదానమనే ఖాళీ స్థలం ఒకటి ఉన్నది. ఆ ప్రాంతంలో నిలబడి చూచేవారికి రెండు కాలాలు ఒక్క చూపులోనే అందుతాయి. ఒక ప్రక్క దాదాపు నూరేళ్ళ వయస్సు గల నాలుగంతస్తుల కాంక్రీటు కట్టడాలు, వాటి కిటికీలకు వ్రేలాడే తడిబట్టలు, రావిమొక్కలు మొలచిన గోడలు. వాటిని మించి ఆకాశంలోకి లేచిన నలభై అంతస్తుల కొత్త మేడలు. 2025 ఆగస్టు 14న ఆ కొత్త మేడలలోని మొదటి 556 ఇళ్ళ తాళపుచెవులు ఆ పాత కట్టడాలలో జీవించిన కుటుంబాల చేతికి అందాయి. ఒకే వీధిలో, ఒకే మట్టి మీద, కొన్ని గజాల ఎడంలో జరిగిన వలస ఇది. అయినా ఈ ప్రయాణానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

ఈ పాత కట్టడాలను బి.డి.డి. చాళ్ళు అంటారు. చాల్ అంటే వరుస గదుల బస. మొదటి ప్రపంచ యుద్ధానంతరం బొంబాయి మిల్లులకు కార్మికులు వేల సంఖ్యలో తరలివచ్చారు. వారికి తలదాచుకునే చోటు లేకపోయింది. అప్పటి గవర్నరు సర్ జార్జ్ లాయిడ్ 1920లో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ అనే శాఖను నెలకొల్పి, కార్మికుల కోసం 50,000 గదులు కట్టించాలని సంకల్పించాడు. నగరంలోకి వచ్చే ప్రతి పత్తి బేలు మీద ఒక రూపాయి సుంకం విధించి ఆ ఖర్చుకు కొంత సొమ్ము సమకూర్చారు. సంకల్పం ఘనమే కాని, ఆచరణలో మూడవ వంతుతో ఆగిపోయింది. వర్లీలో 121, నాయిగావ్‌లో 42, అప్పట్లో డిలైల్ రోడ్డుగా పిలిచిన ఎన్.ఎం. జోషీ మార్గ్‌లో 32, సెవ్రీలో 12, వెరసి 207 చాళ్ళు లేచాయి. ఒక్కొక్క చాల్‌లో 80 గదులు. అంతస్తుకు ఇరవై గదులు; నడుమ పొడవాటి వసారా; వసారా చివర అందరికీ కలిపి మరుగుదొడ్లు, కుళాయిలు. గది వైశాల్యం 160 చదరపు అడుగులు.

విచిత్రమేమంటే, ఎవరి కోసం కట్టారో వారే మొదట్లో వీటిలో అడుగు పెట్టలేదు. అద్దె వారి కూలికి మించినది, గాలీ వెలుతురూ అంతంత మాత్రం. చాలా గదులు ఖాళీగా పడి ఉన్నాయి. 1930ల తొలినాళ్ళలో శాసనోల్లంఘన ఉద్యమం సాగుతున్నప్పుడు ప్రభుత్వం వర్లీ చాళ్ళను తాత్కాలిక కారాగారంగా మార్చి సత్యాగ్రహులను నిర్బంధించింది. ఇల్లుగా పనికిరానిది జైలుగా పనికివచ్చిందన్నమాట! కాలక్రమాన నగరంలో చోటు కరువై, అద్దెలు అందుబాటులోకి వచ్చి, గదులు నిండాయి. నిండడమే కాదు, పొంగి పొర్లాయి. పగలు పనిచేసేవాడు రాత్రి పడుకున్న చాప మీదనే రాత్రి పనివాడు పగలు పడుకునేవాడు. కొంకణ, సతారా ప్రాంతాల నుండి ఒంటరిగా వచ్చిన మగవారికి వండి పెట్టే స్త్రీలు ఆ గదులలోనే 'ఖానావళులు' నడిపారు. అటువంటి స్త్రీలను కూడగట్టి 1975లో ప్రేమా పురవ్ స్థాపించిన అన్నపూర్ణా మహిళా మండలి ఈ మిల్లుల లోకంలోనే పుట్టింది.

ఆ లోకంలో తెలుగువారి పాలు కూడా ఉన్నది. నిజాం రాజ్యం నుండి వెళ్ళి బొంబాయి కట్టడాలకు రాళ్ళు మోసిన కామాటీల పేరు కామాటిపురలో నేటికీ నిలిచి ఉన్నది. తరువాతి తరాలలో తెలంగాణ పల్లెల నుండి పద్మశాలీలు చేతిమగ్గం విడిచి మిల్లు మగ్గం పట్టడానికి పరేల్, వర్లీ ప్రాంతాలకు వెళ్ళారు. చాళ్ళ వసారాలలో మరాఠీతో పాటు తెలుగు కూడా వినిపించేది. పిల్లలు వీధిలో ఒక భాష, గదిలో ఒక భాష మాట్లాడుతూ పెరిగారు. పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవారికి ఊరు దూరమైనా, ఆ వసారా ఒక ఊరయింది.

వసారాను గురించి కొంత ఎక్కువగా చెప్పక తప్పదు. 160 అడుగుల గదిలో ఆరేడుగురు ఉన్నప్పుడు ఇల్లు గదితో ముగిసిపోదు. ఆ చదరపు అడుగులలోనే ఒక మూల పొయ్యి, మరొక మూల 'మోరీ' అనే చిన్న తొట్టి వంటి స్నానపు చోటు, పైన అటక, అటక మీద చదువుకునే కొడుకు, క్రింద కుట్టుమిషను. ఇక మిగిలిన జీవితమంతా వసారాలోనే. ముసలివారు అక్కడే కూర్చుంటారు. ఆడవారు అక్కడే బియ్యం ఏరుతారు. ఎండాకాలం రాత్రులు మగపిల్లలు అక్కడే నిద్రపోతారు. తలుపులు పగలంతా తెరిచే ఉంటాయి. ఒకరింట్లో జ్వరమంటే ఇరవై గదులకూ తెలుస్తుంది. ఒకరింట్లో కొట్లాట అయినా అంతే. గణపతి ఉత్సవానికి చందా అడగడానికి ఎవరూ తలుపు తట్టనక్కర లేదు.

నగరం విడిచి వెళ్ళినవారు, రచయితలు, చలనచిత్రాలవారు ఈ జీవితాన్ని తలచుకుని కంట తడి పెట్టడం పరిపాటి. కాని అర్ధరాత్రి వసారా చివరిదాకా నడచి, తలుపు సరిగా పడని మరుగుదొడ్డికి వెళ్ళవలసివచ్చిన ఆడపిల్లను అడిగితే ఆ మాధుర్యంలో సగం విరిగిపోతుంది. తెల్లవారుజామున నీటి కోసం బిందెల వరుస, మోకాళ్ళు పట్టివేసిన అవ్వకు మూడంతస్తుల మెట్లు, వానాకాలంలో పెచ్చులూడే పైకప్పు. ఒంటి గది ఇంటికి పిల్లనివ్వడానికి వెనుకాడిన వియ్యంకులెందరో! కొత్తగా పెళ్ళయిన జంటకు ఏకాంతం కల్పించడం కోసం మిగిలినవారంతా రెండవ ఆట సినిమాకు వెళ్ళడం చాళ్ళలో నవ్వుకుంటూ చెప్పుకునే ముచ్చట. ఆ నవ్వు వెనుక ఎంత ఇబ్బంది ఉన్నదో చెప్పుకునేవారికే తెలుసు. చాళ్ళలో అన్నీ సామరస్యమేనని అనుకోవడం కూడా పొరపాటే. 1974 జనవరిలో దళిత్ పాంథర్స్ సభ దరిమిలా వర్లీ చాళ్ళలో చెలరేగిన ఘర్షణలు కులం గోడలు అక్కడ కూడా కూలలేదని చూపాయి.

1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మె కట్టారు. ఆ సమ్మెను విరమించినట్లు లాంఛనంగా ఎన్నడూ ప్రకటించలేదు. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి, పొగగొట్టాలు చల్లారాయి. తరువాత మిల్లు భూముల మీద విపణి భవనాలు, కార్యాలయాలు, కోటీశ్వరుల నివాసాలు లేచాయి. ఫీనిక్స్ మిల్లు నూలు నేసిన చోట నేడు జనం వారాంతపు విహారానికి వస్తున్నారు. 2009లో బాంద్రా-వర్లీ సముద్ర వంతెన తెరిచారు. 2024లో తీరపు రహదారి వచ్చింది. 2025లో భూగర్భ మెట్రో మూడవ మార్గం పూర్తిగా నడకకు వచ్చింది, వర్లీకి స్టేషన్లు అమరాయి. చుట్టూ ఇంత మారినా చాళ్ళు మాత్రం మారలేదు. మిల్లు పోయిన తండ్రి గదిలోనే కొడుకు కార్యాలయాలకు కాపలాదారుగానో, సరకులు చేరవేసేవాడుగానో, బాగా చదువుకుంటే కంప్యూటరు ఉద్యోగిగానో బ్రతుకు సాగించాడు. కిటికీలోంచి చూస్తే కోట్ల ధర పలికే ఇల్లు. గదిలో అదే మోరీ, అదే అటక.

చాళ్ళ స్థానంలో కొత్త ఇళ్ళు కట్టాలన్న మాట దశాబ్దాలుగా నలిగింది. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకుని, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మాడాకు పని అప్పగించింది. 2017 ఏప్రిల్‌లో జాంబోరీ మైదానంలో భూమిపూజ జరిగింది. వర్లీలో నిర్మాణం ఆరంభోత్సవం 2021 ఆగస్టులో గాని జరగలేదు. నడిమి నాలుగేళ్ళ జాప్యానికి పాలకుల నిదానం ఒక్కటే కారణం కాదు. నివాసులే సర్వేకు ఎదురు తిరిగారు. ఒప్పందపత్రం రాసి ఇవ్వనిదే గది వదలమన్నారు. దీనిని మొండితనమని కొట్టివేయడం తేలిక. కాని కూల్చిన ఇంటికి బదులుగా కొత్త ఇల్లు వచ్చేదాకా ఉండమని పంపిన తాత్కాలిక వసతులలోనే తరం గడిచిపోయిన కుటుంబాలు ముంబయిలో కోకొల్లలు. చేతిలో ఉన్న 160 అడుగులను వదిలి, కాగితం మీది 500 అడుగులను నమ్మడానికి ఎవరికైనా గుండె దిటవు కావాలి.

పథకపు లెక్క ఇట్లా నడుస్తుంది. అర్హులైన ప్రతి గదివారికి 500 చదరపు అడుగుల ఇల్లు, రెండు పడకగదులతో, ఉచితంగా, సొంత హక్కు మీద లభిస్తుంది. దీనికయ్యే ధనాన్ని అదే స్థలంలో అదనంగా కట్టి బహిరంగ విపణిలో అమ్మే ఇళ్ళ నుండి రాబడతారు. అందువల్లనే పాతవారి ఇళ్ళు ఆకాశానికి ఎక్కవలసివచ్చింది. నాలుగంతస్తులలో పరచుకున్న జనం నలభై అంతస్తులలో నిలువునా సర్దుకుంటే తప్ప అమ్మకానికి నేల మిగలదు. చాళ్ళలో ఉద్యోగపు బసగా గదులు పొందిన పోలీసు కుటుంబాలకు ఇల్లు ఉచితం కాదు. ప్రభుత్వం మొదట 50 లక్షల రూపాయలన్న ధరను, విమర్శలు వచ్చిన మీదట, 2022లో 15 లక్షలకు తగ్గించింది. సెవ్రీ చాళ్ళు ఓడరేవు భూమిలో ఉన్నందువల్ల ఈ పథకంలో చేరలేదు.

ఇక కొత్త ఇంటి సంగతి. గడప దాటగానే హాలు. దాని ప్రక్క వంటగది. వంటగదికి వేరే గోడలు. చాల్‌లో పుట్టి పెరిగిన గృహిణికి ఇది చిన్న విషయం కాదు. పొయ్యి మీది తిరగమోత ఘాటుకు పరీక్షకు చదివే పిల్లవాడు దగ్గనక్కర లేదు. మరుగుదొడ్డి ఇంటి లోపలనే, గడియతో. కాపురానికి వచ్చిన నాటి నుండి మోరీలో తెరచాటున స్నానం చేసిన ఇల్లాలు తలుపు గడియ వేసుకుని, తొందరపెట్టే గొంతు వినకుండా నీళ్ళు పోసుకోవడం, అంతస్తుల ఎత్తు కంటే, పాలరాయి మెరుపు కంటే పెద్ద మార్పు. ముసలివారికి లిఫ్టు ఉన్నది. వానకు కారని పైకప్పు ఉన్నది. శుభలేఖ మీద చిరునామా వేసుకోవడానికి సంకోచం లేదు.

అయితే లిఫ్టుకు కరెంటు కావాలి. పంపులకు, మెట్ల దీపాలకు, కాపలాకు సొమ్ము కావాలి. చాల్ అద్దె ఏనాడూ కుటుంబానికి బరువు కాలేదు. నలభై అంతస్తుల మేడ పోషణ అట్లా కాదు. మొదటి 12 సంవత్సరాల నిర్వహణ నిర్మాణ సంస్థ బాధ్యతగా ఏర్పాటు చేశారు. పదమూడవ ఏట నెలనెలా ఎంత కట్టవలసివస్తుందన్నది ఇప్పటి నుండే ఆ ఇళ్ళలో నడిచే చర్చ. విశ్రాంత కార్మికుడి కుటుంబానికి, ఇళ్ళలో పాచిపని చేసే స్త్రీకి అది పెనుభారమే అవుతుంది. రెండవ భయం మరింత సూక్ష్మమైనది. ఈ ఇంటికి విపణిలో పలికే ధర ఆ కుటుంబం జీవితమంతా సంపాదించినా కూడబెట్టలేనిది. అమ్మి, దూరపు శివారులో ఇంతకు రెట్టింపు ఇల్లు కొనుక్కుని, మిగిలిన సొమ్ము అన్నదమ్ములు పంచుకోవచ్చు. తాళపుచెవులు ఇచ్చిన సభలో ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవిస్ ఇళ్ళు అమ్ముకోవద్దని, తరువాతి తరానికి అందించమని ప్రత్యేకంగా కోరడానికి కారణం ఇదే. మిల్లు భూములు ఎవరి పాలయ్యాయో కళ్ళార చూచినవారికి ఆ హెచ్చరిక కొత్తది కాదు. అన్నదమ్ములు నలుగురున్న చోట, గది తాత పేరు మీద ఉన్న చోట, ఆ హితవు ఎంతవరకు నిలుస్తుందో చెప్పడం కష్టం.

వసారా లేకపోవడం మూడవ సంగతి. కొత్త మేడలో లిఫ్టు ముందు ఉన్నది నడవ మాత్రమే. అది కూర్చునే చోటు కాదు, దాటే చోటు. తలుపులు తమంతట తాము మూసుకుంటాయి. ప్రక్కింటివారు చాల్‌లో ప్రక్కగదివారు కాకపోవచ్చు, ఎందుకంటే ఇళ్ళ కేటాయింపు చీట్లు తీసి చేశారు. ఇరవై గదుల ఇరుగుపొరుగు అనేక అంతస్తులలో చెల్లాచెదరయింది. అవ్వ తన స్నేహితురాలిని చూడాలంటే ఇప్పుడు లిఫ్టు మీట నొక్కడం నేర్చుకోవాలి.

పూర్వపు వసారాలో తలుపు మూసి ఉంచడమంటే లోపల చావో, కొట్లాటో, కొత్త కాపురమో ఉన్నట్లు లెక్క. ఆ అలవాటు ఒక్క రోజున వదిలేది కాదు. చాల్ నుండి మేడకు వెళ్ళినవారు తలుపు దగ్గరగా వేయకుండా చెప్పుల జత ఒకటి అడ్డుపెట్టడం ముంబయి పునర్నిర్మిత భవనాలలో సాధారణంగా కనిపించే దృశ్యమే. కాపలావాడు వచ్చి తీయమంటాడు. అతడు లిఫ్టెక్కి వెళ్ళగానే చెప్పులు మళ్ళీ గడప మీదికి వస్తాయి.