తలదన్నేవాడు

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడని మన పెద్దల మాట. రోగాలు తెచ్చే బాక్టీరియాకీ ఒక తలదన్నేవాడున్నాడు. పేరు బాక్టీరియోఫేజ్. బాక్టీరియాలో జొరబడి, అక్కడే తన సంతానాన్ని పెంచి, చివరికి దాన్ని బద్దలు కొట్టుకుని బయటికొచ్చే వైరస్ అది. మనిషి కణాల జోలికి రాదు.

1896లో హాంకిన్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు గంగా యమునల నీటిలో కలరా క్రిములు చచ్చిపోతున్నాయని గమనించాడు. 1917లో డెరెల్ ఈ వైరస్‌కి పేరు పెట్టి, 1927లో మన దేశానికొచ్చి కలరా రోగులకి ఇచ్చి చూశాడు. తర్వాత యాంటీబయాటిక్సు వచ్చాయి. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ పరిశోధనకి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ మందుల వెలుగులో లోకం ఫేజ్‌లని మరిచిపోయింది. జార్జియా దేశపు టిబిలిసీ వంటి కొద్ది చోట్లే ఆ వైద్యం నిలిచింది.

మరి ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? మా బాపులపాడు మామిడి రైతుకి ఇది విప్పి చెప్పక్కర్లేదు. తేనెమంచు పురుగుకి ఏటా ఒకటే మందు కొడితే, చావకుండా మిగిలిన వాటి సంతతి ఆ మందుకి లొంగదు. పైగా మేలుచేసే అక్షింతల పురుగులూ, సాలీళ్ళూ చస్తాయి. ఒంట్లోనూ అంతే! జలుబు చేస్తే షాపులో అడిగి నాలుగు బిళ్ళలు మింగుతాం. బాక్టీరియా మొండికెత్తుతుంది. చక్కెరజబ్బున్న రైతు కాలికి ముల్లు దిగి, ఆ పుండులో ఈ మొండిది చేరితే, ఒక్కోసారి కాలే తీసెయ్యాల్సొస్తుంది. కాలు పోయాక తోట ఎవరు చూస్తారు?

కాశీ హిందూ విశ్వవిద్యాలయం వైద్యులు, ఆరు వారాలు దాటినా మానని పుండ్లున్న 20 మందికి తగిన ఫేజ్‌లని పుండుమీదే వేసి, 2019లో ఫలితాలు ప్రకటించారు. 21 రోజులకి ఏడుగురి పుండ్లు పూర్తిగా మానాయి. ఇరవైమందితో అంతా తేలిపోదు గాని, ఆశ పుట్టించే సంగతే.

చిక్కు కూడా ఉంది. ఒక్కో ఫేజ్ ఒక్కో రకం బాక్టీరియానే చంపుతుంది. కనుక ముందు పుండులో ఉన్నదేదో లాబరేటరీలో తేల్చాలి. దానికి సరిపడే ఫేజ్‌ని మురుగునీటి నుంచో, నదినీటి నుంచో ఏరి, శుద్ధి చెయ్యాలి. అంతేగాని గంగనీళ్ళు తెచ్చి పుండుమీద పోస్తే ప్రమాదమే!

మిత్రులారా, ఈ వెతుకులాట సైన్సు విద్యార్థుల పనే. మన ఊరి మురుగుకాలవలోనూ ఫేజ్‌లుంటాయి. ఈలోగా, డాక్టరు రాయని బిళ్ళ మింగకుండా ఉండటం ఎవరైనా చెయ్యగలిగిన పని. ఉన్న మందుల పదును పోకుండా చూసుకుంటేనే కొత్త వైద్యం వచ్చేదాకా నిలబడగలం.