లెక్క రాని పిల్ల

గుస్సాడీ నృత్యకారుడు కనకరాజు గారు 2024 అక్టోబరులో కన్నుమూశారన్న వార్త చదువుతుంటే, 2021లో ఆయనకు వచ్చిన పద్మశ్రీ కన్నా ముందు ఆయన ఊరు మార్లవాయి పేరు దగ్గర నా చూపు ఆగిపోయింది. ఆ చుట్టుపక్కలే, ఉట్నూరు దాపున ఒక ప్రాథమిక పాఠశాలలో నేను కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను.

మాది కరీంనగర్ జిల్లా. బతుకమ్మ చుట్టూ అమ్మావాళ్ళు తిరుగుతుంటే చప్పట్లకు అడుగు కలపడం అక్షరాలకన్నా ముందే నేర్చుకున్నాను. ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు ఆ చప్పట్లనే వెంట తీసుకువెళ్ళాను.

ఒకటో తరగతికి ఒక ఆట కల్పించాను. నేను అన్నం పళ్ళెం మీద గరిటెతో దరువు వేస్తుంటే పిల్లలు గుండ్రంగా తిరగాలి. దరువు ఆపి "నాలుగు" అంటే నలుగురేసి చేతులు పట్టుకోవాలి. జట్టు దొరకనివాళ్ళు ఔట్. తెలుగు, మరాఠీ, లంబాడీ పిల్లలు కేరింతలు కొట్టేవారు. ఒక గోండు పిల్ల మాత్రం ప్రతిసారీ మొదటే ఔటయ్యేది. ఆమె పేరు పక్కన నా నోటుపుస్తకంలో "లెక్క రాదు" అని రాసుకున్నాను.

దీపావళికి ముందు దండారీ బృందం వచ్చింది. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఆడుతున్నారు. డప్పు, తుడుం మోగుతున్నాయి. ఆ పిల్ల ఒక రేకు డబ్బా ముందు పెట్టుకుని, పెద్దవాళ్ళ దరువును ఒక్క దెబ్బ తప్పకుండా వాయిస్తోంది.

మరునాడు గరిటె ఆమె చేతికిచ్చి, ఆట నియమం మార్చాను. అంకె చెప్పడం ఉండదు; చివర ఎన్ని దెబ్బలు విడిగా పడితే అంతమంది జట్టు. ఆమె అయిదు దెబ్బలు కొట్టి ఆపింది. జట్టుల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి తల తాకి చూసింది. నలుగురే ఉన్నచోట ఇంకొకరిని లాక్కొచ్చి నిలబెట్టింది. తన భాషలో ఎలా లెక్కిస్తావని అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది. మూడును "మూండ్", నాలుగును "నాలుంగ్" అన్నది. రెండూ ద్రావిడ భాషలేనని చదువుకున్న నాకు, ఆ చుట్టరికం చెవిన పడడానికి ఒక పళ్ళెం కావలసి వచ్చింది.

హైమన్‌డార్ఫ్ ఆ మార్లవాయిలోనే 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించి, గోండీ వాచకాలు తయారుచేయించారు. పిల్లకు తన భాషలోనే తొలి చదువు చెప్పాలన్న సంగతి ఆ నేలకు కొత్త కాదు. అరవై ఏళ్ళ తరువాత వెళ్ళిన నాకే కొత్త.

ఆ సాయంత్రం నోటుపుస్తకం తీసి "లెక్క రాదు" అన్న మాట కొట్టివేశాను. ఆమెకు రానిది లెక్క కాదు, నా భాష. కానీ అంతకుముందు రెండేళ్ళలో ఇంకెందరి పేర్ల పక్కన అదే మాట రాశానో! ఆ పుస్తకాలు ఇప్పుడు నా దగ్గర లేవు, కొట్టివేద్దామన్నా.