అరకు దారిలో నేనూ, మావారి బండీ

అరకు అనగానే మీకు రైలూ, సొరంగాలూ గుర్తొస్తాయి కదూ! నేను మాత్రం డిసెంబరులో మావారి మోటారు సైకిల్ మీద ఒక్కదాన్నే వెళ్లాను. నడపడం నేర్పింది ఆయనే. ఆయన పోయి రెండేళ్లయింది. బండి అమ్మేద్దామన్నాడు మా అబ్బాయి. "ఒక్కసారి అరకు వెళ్లొచ్చాక చూద్దాంలేరా" అన్నాను.

విశాఖపట్నం నుంచి దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోటలో పెట్రోలు పోయించుకున్నాను. అది దాటాక ఘాట్ రోడ్డే. మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది, రెండో గేరులో మెల్లగా దిగండి. అనంతగిరి దగ్గర కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు. మన పోపులపెట్టెలో నల్లగా ఉండే మిరియాలు అక్కడ పచ్చగా గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటే ముచ్చటేసింది.

చీకటి పడకముందే అరకు చేరి, ఒక బస ఆవరణలో అడిగి డేరా వేసుకున్నాను. అడవిలో ఎక్కడపడితే అక్కడ వేయకూడదు సుమండీ. తెచ్చుకున్న పులిహోర తిని పడుకున్నానే గానీ, చలికీ భయానికీ చాలాసేపు కునుకే పట్టలేదు. తెల్లారి చూస్తే లోయంతా మంచు, పక్కనే తడిసి ముద్దయిన బండి. పైటచెంగుతో సీటు తుడిచాను.

అమ్మే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. మీరూ వెళ్తే మందపాటి శాలువా మరచిపోకండేం!