వేపథువు

అలంకారశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో స్తంభమూ ఉన్నది, వేపథువూ ఉన్నది. మొదటిది కదలక నిలిచిపోవడం, రెండవది వణకడం. భాషాప్రవీణ పరీక్ష కోసం కంఠస్థం చేసిన ఈ రెండు మాటలూ అరవై దాటిన తరువాత ఒక దూరదర్శిని ముందు కూర్చుంటే గాని సరిగా బోధపడలేదు.

నాకున్నది 80 మిల్లీమీటర్ల కటకం, 900 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల చిన్న దూరదర్శిని. దాని వెనుక కెమెరాను బిగిస్తే చంద్రబింబం లోపల సుమారు ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున పడుతుంది. 2025 వేసవిలో ఒక తదియనాడు నెలవంకను సెకనులో పదిహేనవ వంతు కాలం తెర తెరచి తీశాను. కొమ్ములు రెండేసిగా పడ్డాయి. చవితినాడూ అంతే.

తప్పు ఎవరిదో నాకు తెలుసుననే అనుకొన్నాను. అప్పటికి రెండేళ్ళుగా నా కుడిచేయి సన్నగా వణకుతున్నది. బ్యాంకులో ఒకసారి సంతకం సరిపోలలేదన్నారు. కలం మంచిది కాదని సాకు చెప్పి మరొకటి చేసి వచ్చాను. ఇంట్లో చెప్పలేదు. నల్లబల్ల మీద నేను వ్రాసిన 'క్ష'ను చూసి పిల్లలు దిద్దుకొనేవారు. అటువంటి చేయి! ఆ చెదిరిన నెలవంకలను ఎవరికీ చూపకుండా చెరిపివేసి, దూరదర్శినికి దుప్పటి కప్పాను.

నెల తరువాత, ఈ విద్యలో ఆరితేరిన నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. సంగతి సగమే చెప్పాను. "మాస్టారూ, పది సెకన్ల టైమరు పెట్టి, దూరంగా జరిగి తీసి చూడండి" అన్నాడు. అలాగే చేశాను. నాలుగడుగుల అవతల చేతులు కట్టుకొని నిలబడ్డాను. అయినా కొమ్ములు రెండేసి! నన్ను అంతగా సంతోషపెట్టిన చెడ్డ ఛాయాచిత్రం మరొకటి లేదు.

దోషం కెమెరా కడుపులోనే ఉన్నది. నాబోటి పాత తరహా కెమెరాలలో, కంటికి దృశ్యం చూపే అద్దమొకటి ఏటవాలుగా ఉంటుంది. మీట నొక్కగానే అది టప్పున పైకి లేస్తుంది. ఆ దెబ్బకు గొట్టమంతా అదురుతుంది. సెకనులో వెయ్యవ వంతు కాలం తీసే చిత్రానికి ఆ అదురు అందదు. కొన్ని సెకన్లపాటు తీసేదానిలో అది స్వల్పభాగమే. నడిమి కాలాలకే ముప్పు ఎక్కువ, నేను సరిగ్గా అక్కడే పడ్డాను. మన సిద్ధాంతులు భాగను అరవై కళలుగా, కళను అరవై వికళలుగా పంచారు కదా. గొట్టం ఒక్క వికళ ఒరిగితే, అంటే 206 మీటర్ల దూరాన ఒక మిల్లీమీటరు కదలినంత, నా కెమెరాలో ఒక చుక్క పక్క చుక్క మీదికి జరుగుతుంది.

మందు కెమెరాలోనే ఉన్నది. అద్దాన్ని ముందుగా లేపి ఉంచి, అదురు అణగిన తరువాత తెర తెరిచే ఏర్పాటు ఉన్నదట. కొన్నేళ్ళుగా నా చేతిలోనే ఉన్నా నేను ఎరుగను! నా చేతికి పాపం బొత్తిగా లేదని అనను. మీట నొక్కితే మరికొంత చెదిరేది. అందుకని తీగతో పనిచేసే మీట తెచ్చుకొన్నాను.

ఇక ముక్కాలిపీట. కాళ్ళు పొడుగ్గా లాగితే వణకుతుంది కనుక పూర్తిగా లోపలికి తోసి, నేనే చిన్న పీట మీద కూర్చొన్నాను. నడుమ ఇసుక సంచీ కట్టి, గాలికి ఊగకుండా అడుగు నేలకు ఆనేటట్లు దింపాను. కాళ్ళ క్రింద పాత హవాయి చెప్పుల ముక్కలు. గొట్టాన్ని వ్రేలితో తట్టి, చంద్రుడు నిలదొక్కుకొనేదాకా అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. మొదట ఆరు, తరువాత రెండు. డాబా వదలి పెరట్లోకి దిగాను. మా శ్రీమతి పాలగ్లాసుతో డాబా ఎక్కితే చాలు, చంద్రలోకంలో భూకంపం వచ్చేది.

2025 సెప్టెంబరు 7, భాద్రపద పూర్ణిమ. రాత్రి పదకొండు గంటలకు సంపూర్ణ గ్రహణం పట్టి 82 నిమిషాలు నిలిచింది. ఎర్రబారిన చంద్రునికి రెండు సెకన్లయినా కావాలి. భూభ్రమణం వలన చంద్రుడు సెకనుకు దాదాపు పదిహేను వికళలు జరుగుతాడు, దానికి మోటారు ఉన్నది. అదురు మాటకు మా విద్యార్థి చెప్పిన ఉపాయం విచిత్రమైనది. నల్లని అట్టను కటకానికి తగలకుండా అడ్డుపెట్టాలి. కెమెరా తెర తెరచి, అంతా సద్దుమణిగాక అట్ట తీయాలి. రెండు లెక్కపెట్టి మళ్ళీ అడ్డుపెట్టి తెర మూయాలి.

అట్ట పట్టుకొన్నది నా కుడిచేయే. బాగానే వణకింది. గొట్టానికి తగలదు కనుక చంద్రునికి ఆ సంగతి తెలియదు. మబ్బులు వచ్చిపోతుండగా నలభై తీస్తే ఆరు నిలిచాయి. అంచు ఒక్కటే, సన్నని గీతలాగా.

నా ప్రక్కన లాంతరుతో కూర్చొన్న ఆవిడ చంద్రుణ్ణి చూడలేదని తరువాత తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అన్నది.

"రెండేళ్ళు."

"సోమవారం ఆసుపత్రికి వెళ్దాం" అని, విడుపు స్నానానికి నీళ్ళు తోడటానికి లేచింది. సోమవారం అంటే అప్పటికి వచ్చేసింది, గడియారంలో ఒంటిగంట దాటింది.