బౌల్డర్‌లోని బుడాపెస్ట్ మేళం

రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదై మంద్రంగా పలికే వయోలా, మోకాళ్ల మధ్య నిలిపి వాయించే చెల్లో కలిసిన నలుగురి మేళాన్ని పాశ్చాత్య సంగీతంలో స్ట్రింగ్ క్వార్టెట్ అంటారు. దీనికి చేతితో లయ చూపే కండక్టర్ ఉండడు కనుక, ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో ఆ నలుగురూ ఊపిరితో, కనుచూపుతో తేల్చుకోవలసిందే. 1975లో బుడాపెస్ట్‌లోని లిస్ట్ సంగీత అకాడమీ విద్యార్థులు నలుగురు ప్రారంభించి, మొదటి వయొలిన్ వాయించే గాబోర్ టకాచ్-నాగ్ పేరు పెట్టుకున్న టకాచ్ క్వార్టెట్, 1980లలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం ఆశ్రయంలో చేరి, క్రమంగా ఆ విశ్వవిద్యాలయం ఉన్న బౌల్డర్ పట్టణపు సొంత మేళమైంది.

టకాచ్-నాగ్ వైదొలగగా 1993లో ఎడ్వర్డ్ డ్యూసిన్‌బర్ అనే ఆంగ్లేయుడు ఆ స్థానంలోకి వచ్చారు. పేరిచ్చినవారు వెళ్లినా పేరు మారకపోవడం ఇలాంటి మేళాలలో వింతేమీ కాదు. 1995లో వయోలా వాదకుడు గాబోర్ ఒర్మయి మరణించారు. 2018లో కారోయ్ ష్రాంట్స్ విరమించుకోగా రెండవ వయొలిన్ హరూమి రోడ్స్ చేతికి వచ్చింది. ఈ మార్పులన్నిటిలోనూ తొలినాటి చెల్లో వాదకుడు ఆంద్రాష్ ఫెయేర్ కొనసాగారు.

హంగేరీ స్వరకర్త బార్టోక్ పియానో బోధించిన అకాడమీలోనే పుట్టిన ఈ బృందం, ఆయన ఆరు క్వార్టెట్లలో హంగేరీ జానపద లయల విరుపులను ఎంత సహజంగా పలికిస్తుందంటే, ఆ రచనలను కఠినమని పక్కన పెట్టే శ్రోతలు వీరి రికార్డింగులతోనే మొదలుపెట్టడం మేలు.